పని చిక్కుపడిన చోటే ధ్యాస జారుతుంది

సభకు నమస్కారం.

కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిలో ఏకాగ్రత గురించి మాట్లాడతామంటే, వినేవారు సాధారణంగా ఎదురుచూసేది కొన్ని చిట్కాల కోసం, ఒకటి రెండు యాప్‌ల పేర్ల కోసం. చిట్కాలను నేను తక్కువ చేయను, కొన్నింటి దగ్గరికి నేనూ వస్తాను. అయితే వాటికన్నా ముందు మీరు నాతో పాటు ఒక్క క్షణాన్ని దగ్గరగా చూడాలని కోరుతున్నాను. చేస్తున్న పని అలాగే ఉండగా మన చెయ్యి మరో విండో వైపు కదిలే క్షణం అది. దానికి సరిగ్గా ముందు ఏం జరిగిందో గమనించకుండా పెట్టుకున్న నియమాలు ఎంత కట్టుదిట్టంగా ఉన్నా వారం దాటి నిలవవని నా నమ్మకం.

మీరొక నివేదిక రాస్తున్నారనుకోండి. మొదటి రెండు పేరాలు సాఫీగా సాగాయి. మూడో పేరాలో 'ఖర్చు పెరగడానికి ప్రధాన కారణం' అని మొదలుపెట్టారు. ఆ కారణం రవాణా అని చెప్పవచ్చు, జీతాలు అని కూడా చెప్పవచ్చు, రెండింటిలో ఏది ప్రధానమో మీకే ఇంకా తేలలేదు. వాక్యం సగంలో ఆగింది, కర్సర్ అక్కడే మినుకుమంటోంది. సరిగ్గా అప్పుడే మీ చెయ్యి మెయిల్ ట్యాబ్ మీదికి వెళ్తుంది. ఫోన్ మోగలేదు, ఎవరూ పిలవలేదు, కొత్త మెయిల్ వచ్చినట్టు సూచన కూడా రాలేదు. అయినా వెళ్ళారు. పది నిమిషాల తర్వాత తిరిగి వచ్చేసరికి ఆ సగం వాక్యం అలాగే ఉంది, దాని వెనక మీ మనసులో నలుగుతున్న ఆలోచన మాత్రం చెదిరిపోయింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లో ప్రొఫెసర్ గ్లోరియా మార్క్ ఇరవై ఏళ్ళకు పైగా ఇటువంటి క్షణాలనే కొలుస్తూ వచ్చారు. 2004 ప్రాంతంలో ఆమె బృందం ఉద్యోగుల పక్కన కూర్చుని గడియారం పట్టుకుని గమనించినప్పుడు, తెర మీద మరో అంశానికి మారే ముందు వారు ఒక అంశం మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారు. తర్వాతి అధ్యయనాల్లో, కంప్యూటరే స్వయంగా నమోదు చేసిన లెక్కల్లో, ఆ సమయం 47 సెకన్ల దగ్గరికి దిగింది. ఈ అంకెను చాలామంది ఉదహరిస్తారు. నాకు మాత్రం ఆమె పరిశోధనల్లో అంతకన్నా ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. పనికి కలిగే అంతరాయాల్లో దాదాపు సగం బయటి నుంచి వచ్చినవి కావు, ఆ మనిషి తనకు తానే కల్పించుకున్నవి. అంటే మన చుట్టూ ఉన్న మోతలన్నింటినీ ఆపేసినా సమస్యలో సగం మన కుర్చీలోనే మిగిలి ఉంటుందన్నమాట.

దీన్ని సంకల్పబలం లోపించడంగా చూసి తమను తాము తిట్టుకునేవారు చాలామంది కనిపిస్తారు. నేను అలా చూడను. పని కష్టమైన మలుపు దగ్గరికి వచ్చినప్పుడు, ఏం చేయాలో తోచని చిన్న ఇబ్బంది ఒకటి మనసులో పుడుతుంది. ఆ ఇబ్బందిని కాసేపు భరిస్తేనే జవాబు దొరుకుతుంది. వెనుకటి పనిముట్లు ఒక్కొక్కటి ఒక్క పనికే ఉండేవి కాబట్టి, టైప్‌రైటర్ ముందు కూర్చున్న మనిషికి ఆ ఇబ్బంది నుంచి తప్పించుకోవాలంటే కనీసం కుర్చీలోంచి లేవాల్సి వచ్చేది. కంప్యూటర్ పనినీ, ఉత్తరాలనూ, వార్తలనూ, స్నేహితులనూ, వినోదాన్నీ ఒకే తెర మీదికి తెచ్చి, వాటి మధ్య దూరాన్ని రెండు మీటల నొక్కుకు కుదించింది. పైగా తప్పించుకుని వెళ్ళేది కూడా పనిలాగే కనిపిస్తుంది. మెయిల్‌కు జవాబివ్వడం పనే కదా, అంకె కోసం వెతకడం పనే కదా! అందుకే జారిపోయామన్న సంగతి జారిన చాలాసేపటికి గాని తెలియదు.

కాబట్టి మొదట నేర్చుకోవలసింది ఆ మలుపును గుర్తుపట్టడం. కీబోర్డు పక్కన ఒక కాగితం, కలం పెట్టుకోండి. చెయ్యి మరో ట్యాబ్ వైపు వెళ్తోందని గమనించిన వెంటనే, ఇక్కడ నాకు తేలనిది ఏమిటో ఒక్క వాక్యంలో ఆ కాగితం మీద రాయండి. పైన చెప్పిన ఉదాహరణలో ఆ వాక్యం 'రవాణా, జీతాలు, ఏది ఎక్కువ పెరిగింది?' అని ఉంటుంది. ఇలా రాసీ రాయగానే అస్పష్టమైన ఇబ్బంది జవాబు ఉన్న ప్రశ్నగా మారుతుంది. రెండు అంకెలు పోల్చి చూస్తే చాలునని అప్పుడు తెలుస్తుంది. కొన్నిసార్లు ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉండదు, మరొకరిని అడగాలి. అప్పుడు అడగవలసింది ఏమిటో కూడా సిద్ధంగా ఉంటుంది. ఇంకొన్నిసార్లు రాయడానికి ప్రశ్నే ఉండదు, కేవలం అలసట ఉంటుంది. అప్పుడు చేయవలసింది లేచి నాలుగడుగులు నడవడమే, మెయిల్ చూడడం వల్ల అలసట తీరదు.

సమాచారం కోసం వెతుకులాట గురించి ఇక్కడే ఒక మాట. రాస్తున్నప్పుడు ఏదో ఒక సంవత్సరమో, పేరో, అంకెయో గుర్తుకు రాదు. వెంటనే బ్రౌజర్ తెరుస్తాం, ఒక పేజీ మరో పేజీకి దారి తీస్తుంది. ప్రోగ్రామర్లు కోడ్‌లో 'ఇది తర్వాత చేయాలి' అని గుర్తు పెట్టి ముందుకు సాగే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, అది రాతపనికీ, లెక్కల పనికీ చక్కగా సరిపోతుంది. తెలియని చోట కుండలీకరణాల్లో 'అంకె చూడాలి' అని రాసి వాక్యం పూర్తి చేయండి. అటువంటి ఖాళీలన్నీ చివర్లో ఒకేసారి నింపవచ్చు. రాయడం, వెతకడం అనేవి వేరు వేరు పనులు. రెండింటినీ ఒకే గంటలో కలిపితే రెండూ నెమ్మదిస్తాయి.

ఇక బయటి అంతరాయాల మాటకు వద్దాం. ఎంత చిన్న అంతరాయం హాని చేస్తుందన్న ప్రశ్నకు 2014లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక ప్రయోగం జవాబు చెప్పింది. ఒక క్రమంలో చేయవలసిన పనిని కంప్యూటర్ మీద చేయిస్తూ, మధ్యమధ్యలో సుమారు 2.8 సెకన్ల పాటు మరో చిన్న పని ఇచ్చారు. క్రమం తప్పే పొరపాట్లు రెట్టింపయ్యాయి. అంతరాయాన్ని 4.4 సెకన్లకు పెంచితే మూడు రెట్లయ్యాయి. మూడు సెకన్లంటే తెర మూలన కనిపించిన సందేశం చదివి పక్కకు తోసేసేంత సమయం మాత్రమే. అసలు చదవకపోయినా నష్టం ఉందని 2015లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు: ఫోన్ మోగిందని తెలిస్తే చాలు, దాన్ని ముట్టుకోకపోయినా, చేతిలో ఉన్న పనిలో తప్పులు పెరిగాయి. నోటిఫికేషన్లు పూర్తిగా ఆపి పెట్టమనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉంది, నిమిషంలో పని అయిపోతుంది, దాని గురించి ఇంకా పొడిగించను.

పొడిగించవలసింది పని మధ్యలో వదలక తప్పని సందర్భాల గురించి. సమావేశానికి వెళ్ళాలి, పైఅధికారి పిలిచారు, ఇంట్లో అవసరం వచ్చింది. ఇవి తప్పవు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక పని ముగియకుండానే మరో పనికి మారినవారి ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందనీ, దానివల్ల కొత్త పని దెబ్బతింటుందనీ చూపారు. ఆమె 2018లో మరొక సహరచయితతో కలిసి దీనికి ఒక విరుగుడు కూడా పరీక్షించారు. పని వదిలేముందు ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో క్లుప్తంగా రాసి పెట్టుకుంటే, ఆ తర్వాతి పని మీద ధ్యాస మెరుగ్గా నిలిచింది. ముగియని పనులు మనసును వెంటాడుతూ ఉంటాయనీ, వాటిని ఎప్పుడు ఎలా చేయాలో నిర్దిష్టంగా రాసుకుంటే ఆ వెంటాడడం తగ్గుతుందనీ మాసికాంపో, బౌమైస్టర్‌లు 2011లో చేసిన పరిశోధన కూడా ఇదే దిశలో ఉంది.

ఈ రాసి పెట్టుకునే నోటులో నాణ్యత ముఖ్యం. 'నివేదిక పూర్తి చేయాలి' అని రాస్తే అది నోటు కిందికి రాదు, అది కేవలం భారాన్ని గుర్తు చేస్తుంది. 'మూడో పేరాలో రవాణా, జీతాలు విడదీసి రాయాలి. పట్టిక 2లో రెండో వరుస మొత్తం కుదరడం లేదు, అసలు బిల్లులతో సరిచూడాలి. ముందు పట్టిక, తర్వాత పేరా' అని రాస్తే, తిరిగి వచ్చిన మనిషి ఆలోచించకుండానే పట్టిక తెరుస్తాడు. నోటులో మొదటి మాట చేతికి పని చెప్పేదిగా ఉండాలని నేను పట్టుబడతాను. రాయడానికి అర నిమిషం పడుతుంది. పిలుపు వచ్చినప్పుడు 'ఒక్క అర నిమిషం ఆగండి' అని అడిగితే కాదనేవారు అరుదు. సాయంత్రం పని ముగించేటప్పుడు కూడా ఇలాగే ఒక నోటు రాసి లేవడం మంచిది. మర్నాడు ఉదయం కంప్యూటర్ తెరిచిన తొలి పది నిమిషాలు, అంటే మెయిల్ మనల్ని లాక్కుపోయే ఆ పది నిమిషాలు, దానివల్ల దక్కుతాయి.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. అంతరాయం కలిగితే పని ఎప్పుడూ ఆలస్యమవుతుందని అనుకోవద్దు. గ్లోరియా మార్క్ బృందమే 2008లో చేసిన ప్రయోగంలో, మధ్యమధ్యలో ఆటంకం ఎదురైనవారు పనిని మిగతావారికన్నా త్వరగా ముగించారు, నాణ్యత కూడా తగ్గలేదు. కాని వారు మరింత ఒత్తిడినీ, చికాకునూ, తొందరనూ, శ్రమనూ అనుభవించారు. పోయిన సమయాన్ని వేగంతో పూడ్చుకున్నారు, ఆ వేగానికి మూల్యం శరీరమూ మనసూ చెల్లించాయి. అందుకే 'నాకు పనులన్నీ సమయానికే అవుతున్నాయి కదా' అనేవారిని నేను మరో ప్రశ్న అడుగుతాను. రోజు ముగిసేసరికి మీరెలా ఉంటున్నారు?

విశ్రాంతి గురించి మన పని సంస్కృతిలో ఇంకా కొంత అపరాధభావం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ తెరలు గమనించేవారు కొంతసేపటికి సంకేతాలను ఎందుకు పట్టుకోలేకపోతున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం రూపొందించారు. గడియారం లాంటి పలక మీద ఒక ముల్లు అంచెలంచెలుగా కదులుతుంది, అప్పుడప్పుడు రెండు అంచెలు ఒకేసారి దూకుతుంది. ఆ దూకడాన్ని పట్టుకోవడమే ప్రయోగంలో పాల్గొన్నవారి పని. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తొలి అరగంట దాటగానే పట్టుకోవడం స్పష్టంగా తగ్గింది. వారు పనికి ఎంచి తెచ్చిన, శ్రద్ధ గలిగిన మనుషులే. లోపం వారి నిష్ఠలో లేదు. చూపును ఒకేచోట నిలిపే పని మనిషిని అలా అలసిపోయేలా చేస్తుంది.

తెర మీద చేసే ప్రతి పనీ రాడార్ కాపలా లాంటిది కాదు, కాబట్టి అందరికీ ఒకే అరగంట నియమం పెట్టడం సరికాదు. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో రూపొందించిన పొమొదోరో పద్ధతిలో 25 నిమిషాల పని, తర్వాత చిన్న విరామం ఉంటాయి. మొదలుపెట్టడానికి బద్ధకించే పనికి అది చక్కటి ఆసరా. అయితే ఆలోచన బాగా సాగుతున్నప్పుడు గంట మోగిందని లేవనక్కరలేదు. లెక్కలు సరిచూడడం, అచ్చుతప్పులు దిద్దడం వంటి పనుల్లో మాత్రం విరామాన్ని కచ్చితంగా పాటించాలి, ఎందుకంటే అక్కడ అలసట మనకు తెలియకుండానే తప్పులను దాటవేయిస్తుంది. విరామంలో ఫోన్ తీసి మరో తెర చూడడాన్ని నేను విరామంగా లెక్కించను. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు కొట్టడం బాగా తగ్గుతుంది, కళ్ళు పొడిబారి మండుతాయి. కంటి వైద్యులు చెప్పే పద్ధతి సులువైనదే: 20 నిమిషాలకొకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్ల పాటు చూడాలి.

చివరిగా, బృందాలను నడిపేవారికి కొన్ని మాటలు. ఇంతసేపూ వ్యక్తి చేయగలిగినదాని గురించే మాట్లాడాను. కాని ఐదు నిమిషాల్లో జవాబు రాకపోతే 'చూశారా?' అని మళ్ళీ సందేశం పెట్టే అధికారి కింద పనిచేసేవారికి ఈ సలహాలన్నీ అందని ఫలాలే. మెయిల్‌ను రోజుకు మూడుసార్లు మాత్రమే చూసిన వారంలో మనుషులకు ఒత్తిడి తగ్గిందని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించారు. అలా మూడుసార్లకు పరిమితం కావాలంటే పక్కవారు ఒప్పుకోవాలి. బృందమంతా కూర్చుని ఏ రకం సందేశానికి ఎంతసేపట్లో జవాబు కావాలో ముందే మాట్లాడుకోవాలి. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయాలని, మిగతావన్నీ మధ్యాహ్నం, సాయంత్రం చూస్తారని అందరికీ తెలిస్తే, ఉదయం పూట రెండు మూడు గంటలు ఎవరి పని వారు నిశ్చింతగా చేసుకోగలరు. తక్షణం జవాబిచ్చేవారిని అందరి ముందు మెచ్చుకునే అలవాటు కూడా మానాలి. ఆ మెప్పు విన్న మిగతావారు మర్నాటి నుంచి మెయిల్ విండోను మూయరు.

మీ మీ పనుల్లో ఇవి ఎక్కడ సరిపోతాయో, ఎక్కడ సరిపోవో ఇప్పుడు మీ నుంచి వినాలని ఉంది. ప్రశ్నలు అడగండి.