గూచీ, డాపర్ డ్యాన్: ఈ యాడ్ చూసే ముందు ఆ జాకెట్ కథ తెలియాలి

నమస్తే అండి. ఈరోజు రివ్యూ 2017లో ఇటలీ ఖరీదైన ఫ్యాషన్ బ్రాండ్ గూచీ మగవాళ్ల సూట్ల కోసం చేసిన యాడ్ క్యాంపెయిన్. స్క్రీన్ మీద సూటులో ఉన్న ఈ పెద్దాయన్ని చూడండి. పేరు డేనియల్ డే. అందరూ డాపర్ డ్యాన్ అంటారు. ఫోటోలు తీసింది న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, అంటే ఆయన సొంత పేటలో.

ఆయనెవరో తెలియకుండా చూస్తే ఇవి అందమైన ఫోటోలు, అంతే. 1982లో డ్యాన్ హార్లెమ్ 125వ వీధిలో షాపు పెట్టారు. రాత్రంతా తెరిచే ఉండేది. ఖరీదైన బ్రాండ్లు నల్లజాతి కస్టమర్లను పట్టించుకోని రోజులవి. తోలు మీద గూచీ, ఫెండీ, లూయీ విటాన్ లోగోలు ప్రింట్ చేయడం తనంతట తాను నేర్చుకుని, ఆ కంపెనీలు ఊహించని జాకెట్లు కుట్టించారు. ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జే, ర్యాప్ బృందం సాల్ట్-ఎన్-పెపా, బాక్సర్ మైక్ టైసన్ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. లోగోలకు అనుమతి లేదు, ఆ మాట దాచక్కర్లేదు. చివరికి కేసులు, సోదాలతో 1992లో షాపు మూతపడింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2017 మేలో ఫ్లోరెన్స్ షోలో గూచీ ఒక జాకెట్ చూపించింది. బొచ్చు, బూరల్లా ఉబ్బిన చేతులు. 1989లో ఒలింపిక్ రన్నర్ డయాన్ డిక్సన్ కోసం డ్యాన్ చేసిన జాకెట్‌కు అచ్చు నకలు. మారిందల్లా ఒకటే, లూయీ విటాన్ లోగో పోయి గూచీ లోగో వచ్చింది. డిక్సన్ తన పాత ఫోటో బయటపెట్టారు. జనం గట్టిగా నిలదీశారు. డ్యాన్ మీద గౌరవంతోనే చేశామని గూచీ అంది. గౌరవమే అయితే ఆయన పేరు షో రోజే చెప్పాల్సింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

ఆ గొడవ తర్వాత వచ్చిందే ఈ క్యాంపెయిన్. ఇందులో నాకు బాగా నచ్చింది దీని వెనకున్న ఒప్పందం. 2018లో హార్లెమ్‌లోనే గూచీ భాగస్వామ్యంతో ఆయన కొత్త షాపు తెరిచారు. గూచీ బట్ట, గూచీ లోగో, ఈసారి అనుమతితో. అప్పటికి ఆయన వయసు 73.

ఈ బంధంతో ఆయన నోరు కూడా కట్టుబడిపోలేదు. 2019 ఫిబ్రవరిలో గూచీ స్వెటర్ ఒకటి వచ్చింది. ముక్కు దాకా లాగితే నోటి చుట్టూ ఎర్రటి పెదాలు. నల్లవాళ్లను వెక్కిరించే పాత వేషంలాగే ఉంది. బ్రాండ్ సంగతి తర్వాత, ముందు తాను నల్లజాతి మనిషినని డ్యాన్ బహిరంగంగా చెప్పారు. మాట్లాడటానికి గూచీ సీఈఓ హార్లెమ్‌కు రావాల్సి వచ్చింది.

ఫోటోల్లో నాకు కనిపించిన లోటు ఒకటుంది. ఆయన్ని మోడల్‌గా నిలబెట్టారు. ప్రింట్ చేసిన చేతులు, తోలు, రాత్రంతా కుట్టిన టైలర్లు ఫ్రేములోకి రాలేదు. ఆయన కళ అంతా ఆ పనిలోనే ఉంది కదండీ. అందుకే ఫోటోలకు పదికి ఆరు ఇస్తాను. ఆ షాపుకు మాత్రం తొమ్మిది.