అద్దంలో డ్రైవరు ముఖం

శ్రోతలందరికీ నమస్కారం.

విజయవాడలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ బెంజి సర్కిల్ తెలుసు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారి అక్కడే కలుసుకుంటాయి. ఫ్లైఓవర్లు వచ్చాక దూరప్రయాణపు లారీలు చాలావరకు పైనుంచే వెళ్లిపోతున్నాయి. కింద మిగిలినవి సిటీ బస్సులు, కాలేజీ బస్సులు, ఇసుక లారీలు, ఆటోలు. వాటి సందుల్లో మన స్కూటర్లు. ఆ సందుల్లో ఒకే ఒక్క దాని గురించి ఈ కొద్ది నిమిషాలు మాట్లాడతాను. బస్సుకో లారీకో ఎడమ పక్కన, దానికీ రోడ్డు అంచుకూ మధ్య మిగిలే ఆ మూడు అడుగుల జాగా గురించి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. అంటే నూటికి నలభై నలుగురికి పైగా. ఇంతకు మించి లెక్కలు చెప్పను. రేడియోలో అంకెలు చెవిలో పడి జారిపోతాయి. ఒక గ్రీజు డబ్బా కథ చెబుతాను, అది గుర్తుంటుంది.

నేను పటమటలో ఉంటాను, హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఏడేళ్ల కిందట ఒక సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర దీపం పడింది. ముందు ఒక లారీ ఆగి ఉంది. దాని ఎడమ పక్కన ఖాళీ కనిపించింది, స్కూటరు మీద ముందుకు వచ్చి క్యాబిన్ పక్కన ఆగాను. పచ్చ దీపం పడగానే లారీ కొంచెం కుడికి జరిగింది. కుడివైపు వెళ్తుందనుకుని నేనూ కదలబోయాను. అప్పుడే వెనక నుంచి ఎవరో నా బండిని గట్టిగా పట్టి లాగారు. జామకాయలు అమ్మే ఆయన. "అమ్మా, ఆగండి!" అని అరిచాడు. నా కళ్ల ముందే ఆ లారీ ఎడమకు తిరిగింది. నేను ఒక్క క్షణం ముందు నిలబడిన చోటు మీదుగా దాని వెనక చక్రాలు వెళ్లాయి. ఆయన పేరు అడగాలన్న ఆలోచన కూడా ఆ వేళ నాకు రాలేదు. మర్నాడు వెళ్తే ఆ బండి అక్కడ లేదు.

చాలా రోజులు ఆ డ్రైవరు మీద కోపం పోలేదు. పక్కన ఒక మనిషి ఉంటే చూసుకోవద్దా అనుకునేదాన్ని. ఆ కోపం ఆటోనగర్‌లో పోయింది.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తండ్రి లారీ డ్రైవరు. ఒకరోజు బడికి వచ్చినప్పుడు ఆయనతో ఈ సంగతి చెప్పాను. ఆయన వాదించలేదు. "టీచరు గారూ, ఆదివారం ఆటోనగర్‌కు రండి. నా సీట్లో ఒకసారి కూర్చోండి" అన్నారు. వెళ్లాను. షెడ్డు ముందు ఖాళీ లారీ ఆపి ఉంది. మెట్లు పట్టుకుని ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఎంత ఎత్తో! రోడ్డంతా కనిపిస్తుంది, దూరంగా వచ్చే బస్సు కనిపిస్తుంది. "మీ అబ్బాయి ఎక్కడున్నాడో చెప్పండి" అన్నారు ఆయన కింద నుంచి. మా అబ్బాయి నాతోనే వచ్చాడు. ముందు చూశాను, లేడు. ఎడమ అద్దంలో చూశాను. లారీ పొడవునా సన్నని చారలాగా కొంత నేల కనిపించింది, అంతే. "వెళ్లిపోయాడేమో" అన్నాను. "అమ్మా, ఇక్కడే ఉన్నాను" అని వాడి గొంతు వినిపించింది. ఎడమ తలుపును ఆనుకుని, కిటికీ కింద నిలబడి ఉన్నాడు. పదహారేళ్ల పిల్లవాడు. చేయి పైకెత్తి ఊపాడు, అప్పుడు వేళ్లు మాత్రం కనిపించాయి.

నా కడుపులో దేవినట్టయింది. ఏడేళ్ల కిందట నేను నిలబడింది సరిగ్గా అక్కడే.

మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి పక్కన తల బయట పెడితే కింద ఏముందో తెలుస్తుంది. ఎడమ పక్క అతనికి క్యాబిన్ వెడల్పంత దూరం. ఆ దూరాన్ని పూర్వం క్లీనరు పూరించేవాడు. ఎడమ తలుపు దగ్గర కూర్చుని, తల బయట పెట్టి చూస్తూ, తలుపు మీద కొట్టి చెప్పేవాడు. బస్సులో కండక్టరు "హోల్డాన్" అంటే బస్సు ఆగేది, "రైట్ రైట్" అంటే కదిలేది. "ఇప్పుడు చాలాసార్లు నేనొక్కడినే వెళ్తాను. ఎడమ కన్ను ఇంట్లో వదిలి వెళ్లినట్టే" అన్నారు ఆ డ్రైవరు. బస్సుల్లోనూ డ్రైవరే టికెట్లు ఇచ్చే సర్వీసులు వచ్చాయి. నాకు తోచింది చెబుతున్నాను: మిగిలే జీతం కన్నా, పోయే ఆ ఎడమ కన్ను విలువ ఎక్కువ.

ఇక డబ్బా సంగతి. ఆయన ఒక ఖాళీ గ్రీజు డబ్బా తెచ్చి, ఎడమ తలుపు దాటి కాస్త వెనగ్గా, లారీకి మూడు అడుగుల దూరంలో పెట్టారు. "మీ స్కూటరు ఇదే అనుకోండి" అన్నారు. నన్ను దూరంగా నిలబెట్టి, స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పి, నెమ్మదిగా ముందుకు నడిపారు. ముందు చక్రం డబ్బాకు దూరంగా ముందుకు వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు లారీ నడుము ఎడమకు జరుగుతూ వచ్చింది. అంగుళం, అంగుళం. డబ్బా లారీ కిందికి వెళ్లింది. వెనక చక్రం దాని మీద ఎక్కింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. "తెలిసిందా?" అని అడిగాను. "ఏమీ తెలియలేదు టీచరు గారూ. గుంట తగిలినట్టు కూడా లేదు" అన్నారు ఆయన.

ఇందులో మర్మమేమీ లేదు, వృత్తాల లెక్కే. పొడవాటి బండి మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు పెద్ద వృత్తం మీద, వెనక చక్రాలు చిన్న వృత్తం మీద నడుస్తాయి. బండి ఎంత పొడవైతే ఆ తేడా అంత పెద్దది. అందుకే వెనక చక్రాలు మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. అది తెలిసిన డ్రైవరు, వెనక చక్రం అంచు ఎక్కకుండా, ఎడమకు తిరిగే ముందు కాస్త కుడికి జరుగుతాడు. ఆ జరగడం చూసి మనం దారి ఇచ్చాడనుకుంటాం. ఎడమ పక్కన జాగా పెరుగుతుంది, అందులో దూరతాం. ఆ జాగా అతను తన వెనక చక్రాల కోసం ఉంచుకున్నది.

లారీ పక్కన ముందు, వెనక చక్రాల మధ్య ఇనుప కడ్డీలు చూసే ఉంటారు. పడిన మనిషి చక్రాల కిందికి వెళ్లకుండా పెట్టినవి అవి. వంగిపోయిన కడ్డీలు, ఊడిపోయిన కడ్డీలు మన రోడ్ల మీద ఎన్ని చూస్తున్నామో! యజమానులు వాటిని బాగు చేయించాలి. రోడ్డు అంచులు కూడా బాగుపడాలి. ఇసుక పేరుకుని, మూతలు కుంగి, వాన పడితే గుంట ఏదో నీళ్లేవో తెలియని ఆ అంచు మీదే మనం బ్రేకు వేస్తాం, అక్కడే జారతాం. పెద్ద వాహనాలను రానివ్వని ప్రకాశం బ్యారేజీ మీద స్కూటరు నడుపుతుంటే మనసు ఎంత తేలికగా ఉంటుందో సీతానగరం వైపు వెళ్లేవారికి తెలుసు. కానీ ఊరంతా బ్యారేజీ కాదు కదా.

అందుకని ఆ డ్రైవరు నాకు చెప్పిన ఒక్క మాట మీకు చెబుతాను. పెద్ద బండి పక్కకు వెళ్లే ముందు దాని ఎడమ అద్దంలోకి చూడండి. అందులో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరు అతనికి కనిపించరు. మళ్లీ చెబుతాను. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరు అతనికి కనిపించరు. కనిపించినా, అతను మీ వైపు చూశాడని కాదు. కాబట్టి మలుపు దగ్గర లారీకి ఎడమన ఆగకండి, వెనకే ఆగండి, అద్దం కనిపించేంత దూరంలో. స్టాపులో నిలిచిన బస్సుకూ అంతే. అక్కడైతే మెట్ల మీద నుంచి దిగే పెద్దవాళ్లు కూడా ఉంటారు.

వెనక ఆగితే ఎంత సమయం పోతుందో నేను గడియారం పెట్టి చూశాను. ఇంటి నుంచి బడికి ఒక వారం పాత పద్ధతిలో, ఒక వారం కొత్త పద్ధతిలో వెళ్లాను. తేడా రెండు నిమిషాలు దాటలేదు.

అణిగిపోయిన ఆ డబ్బా ఇప్పుడు మా ప్రయోగశాలలో, బల్ల మీద ఉంది. వృత్తాల పాఠం వచ్చినప్పుడు పిల్లల చేతికి ఇస్తాను.

నిన్న సాయంత్రం అదే బెంజి సర్కిల్ దగ్గర ఇసుక లారీ వెనక ఆగాను. ఎడమన జాగా ఉంది. నా వెనక బండి మీద ఉన్న కుర్రవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. నేను జరగలేదు. పచ్చ దీపం పడింది. లారీ కొంచెం కుడికి జరిగి, ఎడమకు తిరిగింది. వెనక చక్రాలు రోడ్డు అంచును రాసుకుంటూ వెళ్లాయి. హారన్ ఆగిపోయింది. తరువాత ఆ కుర్రవాడు నన్ను దాటి వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి, తల వంచి, నెమ్మదిగా వెళ్లాడు.

సెలవు.