ఇష్టం లేని పెళ్ళి: చట్టంలో ఉన్న రక్షణ, అందుబాటులో ఉన్న సాయం
(కావలిలో డిగ్రీ విద్యార్థినుల సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, తల్లిదండ్రులకు నమస్కారం. విద్యార్థినులందరికీ నా ఆశీస్సులు.

పెద్దలు సంబంధం చూసి, పిల్లలను అడిగి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాక జరిపించే పెళ్ళికి నేను వ్యతిరేకిని కాను. కాదనే వీలు లేకుండా జరిపించే పెళ్ళి గురించే ఈరోజు మాట్లాడతాను.

పెళ్ళిచూపుల్లో పదిమంది ముందు కూర్చోబెట్టి, "ఏమ్మా, అబ్బాయి నచ్చినాడా?" అని అడుగుతారు. అమ్మాయి తల వంచుకుంటుంది. "సిగ్గుపడతా ఉంది, ఇష్టమేలే" అని పక్కనున్న పెద్దమ్మ చెప్పేస్తుంది. ఆ వారంలోనే తాంబూలాలు మార్చుకుంటారు. ఒకవేళ ఆ పిల్ల ధైర్యం చేసి వద్దన్నా, కొట్టవలసిన అవసరం చాలా ఇళ్ళలో రాదు. తల్లి అన్నం మానేసి "పురుగుమందు తాగి చస్తా" అంటుంది, తండ్రి పలకడం మానేస్తాడు, ఫోను లాక్కుంటారు, చదువు మాన్పించి అమ్మమ్మగారి ఊరికి పంపేస్తారు. ఆస్తి బయటికి పోకూడదని, ఉయ్యాలలో ఉన్నప్పుడే మేనమామకు ఇస్తామన్న మాట ఒకటి కొన్ని ఇళ్ళలో ఉంటుంది. ఇంత ఒత్తిడికి లొంగి అన్న "సరే"ను ఇష్టం కింద జమకట్టడం అన్యాయం. మగపిల్లలూ ఈ ఒత్తిడికి తలవంచుతున్నారు, అది కూడా అంతే తప్పు.

చట్టం ఈ విషయంలో మీ పక్షానే ఉంది. 2005 నాటి గృహహింస చట్టం అత్తింటి వేధింపులకే పరిమితమని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లోని మొదటి ఫారం తెరిచి చూడండి: ఇష్టం లేని పెళ్ళికి బలవంతపెట్టడం, నచ్చినవారిని చేసుకోకుండా అడ్డుకోవడం మానసిక హింసగా అందులోనే రాసి ఉన్నాయి. అంటే పుట్టింట్లో ఉన్న కూతురు కూడా మేజిస్ట్రేటును రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్ళి చేసుకోవడానికి కుటుంబం, కులపెద్దల అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది.

పెళ్ళి జరిగిపోయినా దారి మూసుకుపోదు. బలవంతంతో సమ్మతి తీసుకుని చేసిన పెళ్ళిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షను కింద కోరవచ్చు. అయితే ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్ళాలి, ఆ తర్వాత ఇష్టపూర్వకంగా కాపురం చేసి ఉండకూడదు. ఈ గడువు తెలియక నష్టపోయేవారిని తలుచుకుంటే బాధ కలుగుతుంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముహూర్తానికి ముందే అడిగిన సాయం ఎక్కువ పనిచేస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, ఉచిత న్యాయసలహాకు 15100. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు నెల్లూరు, ఒంగోలులలో ఉన్నాయి. ఫోను లాక్కుంటారేమోనన్న అనుమానముంటే ఈ నంబర్లు కంఠస్థం చేయండి. ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా డిజిలాకర్‌లో పెట్టుకోండి, ఎందుకంటే వయసు రుజువు చేసుకోవలసి వచ్చిన రోజున బీరువా తాళం మీ చేతిలో ఉండకపోవచ్చు. నమ్మకమైన ఒక్కరికైనా, టీచరుకో పిన్నికో, విషయం ముందుగా చెప్పి ఉంచండి.

ఇక పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో సమ్మతి ప్రశ్నే లేదు. మీ వీధిలోనో తరగతిలోనో అలాంటి పెళ్ళి కుదిరిందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. మీరు బంధువులే కానక్కర్లేదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ఆ పెళ్ళిని ఆపమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును లెక్కచేయకుండా తాళి కట్టించినా, ఆ పెళ్ళి చట్టం దృష్టిలో చెల్లదు.