ఖాళీ సరిపోలేదా, మీరు దూరిన తీరు తప్పా?

సాయంత్రం హిమాయత్‌నగర్ రోడ్డు మీద జర నిలబడి చూడండి. ఫుట్‌పాత్ పక్కన ఆగి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీ కనబడడమే ఆలస్యం, పార్క్ చేయడానికి కారు ముక్కు దూర్చేస్తారు. ముందు టైరు ఫుట్‌పాత్ రాయికి గుద్దుకుంటుంది, డిక్కీ రోడ్డు మీదే. వెనకాల ఆర్టీసీ బస్సు హారన్. దిగి ఏమంటారు? "జాగా సరిపోలేదు భయ్యా." సరిపోతుంది! రివర్స్‌లో వెళ్తే అదే జాగా సరిపోతుంది.

ఇంట్లో ఇనప బీరువా జరిపే ఉంటారుగా. ఫ్రిజ్‌కీ మంచానికీ మధ్య గోడకి చేర్చాలి. ఒక కొస ముందు గోడకి ఆనించి, రెండో కొస పట్టుకుని తిప్పుతాం. కారుకి వెనక టైర్లు మొండివి, పక్కకి తిరగవు. తిరిగేవి ముందు టైర్లే. కాబట్టి మొండి కొస ముందు గోడకి చేరాలి, తిరిగే కొసని తర్వాత లోపలికి తిప్పుకోవాలి. ముక్కుతో వెళ్తే అంతా తిరగబడుతుంది. తిరిగే కొస గోడ దగ్గర ఇరుక్కుంది, మొండి కొస గది మధ్యలో మిగిలింది. రాత్రి మంచినీళ్లకి లేచినవాళ్ల కాలి వేలు దానికే కొట్టుకుంటుంది. రోడ్డు మీదైతే ఆ దెబ్బ బైకు మీద వచ్చేవాడికి.

ముందు జాగా కొలుచుకోండి. స్విఫ్ట్ పొడవు 3.86 మీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 19 అడుగులు ఉంటే హాయిగా పడుతుంది.

ఎడమ ఇండికేటర్ వేసి, ముందున్న కారు పక్కన రెండు మూడు అడుగులు వదిలి ఆగండి. రెండు బండ్ల వెనక బంపర్లు ఒక వరసలో ఉండాలి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి, మెల్లగా రివర్స్. ఇప్పుడు కుడి అద్దం చూడండి. వెనక కారు రెండు హెడ్‌లైట్లూ అందులో కనబడ్డాయా? స్టీరింగ్ నేరుగా చేసి ఇంకొంచెం వెనక్కి. బీరువా మొదటి కొస గోడకి చేరుతోందన్నమాట. మీ ఎడమ ముందు మూల ముందు కారు బంపర్‌ని దాటగానే స్టీరింగ్ పూర్తిగా కుడికి. రెండో కొస దానంతటదే లోపలికి వస్తుంది.

అదిగో, పక్కనుంచి "ఆనే దో, ఆనే దో" అనే పెద్దమనిషి ఎప్పుడూ ఉంటాడు. ఆయన చూసేది బంపర్ ఒక్కటే, మీ అలాయ్ వీల్ కాదు. ఎడమ సైడ్ మిర్రర్ కిందికి వంచుకుని, వెనక టైరుకీ ఫుట్‌పాత్ రాయికీ మధ్య ఎంతుందో మీరే చూసుకోండి. జానెడుంటే చాలు. వాన నీళ్లు నిలిచి రాయి కనబడకపోతే ఆ జాగా వదిలేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం జంక్షన్‌కి 50 మీటర్ల లోపు పార్కింగ్ లేదు. ఫుట్‌పాత్ మీద లేదు, ఆగి ఉన్న బండి పక్కన ఇంకో వరస అసలే లేదు. "రెండే నిమిషాలు" అన్నా సరే. బంజారాహిల్స్ లాంటి దిగుడు రోడ్డులో టైర్లు ఫుట్‌పాత్ వైపు తిప్పి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ముక్కు ఎగువకి ఉంటే రోడ్డు వైపు తిప్పండి, బండి జారినా టైరు రాయికి తగిలి ఆగుతుంది. ఇక దిగేముందు కుడి అద్దం చూడండి. డోరు ఎడమ చేత్తో తీస్తే ఒళ్లు తిరిగి, వెనక వచ్చే బైకు కంట పడుతుంది.