మీరు వెళ్లిపోతారని పిల్లలకి ముందే తెలుసు

అందరికీ నమస్కారం. వచ్చే వారం నుంచి మీరు బీఎడ్‌లో భాగంగా పాఠాలు చెప్పడానికి బెంగళూరు బళ్లలోకి వెళ్తున్నారు, కొందరు కె.ఆర్.పురం వైపు, కొందరు యలహంక, ఇంకొందరు బొమ్మనహళ్లి. లెసన్ ప్లాన్లూ చార్టులూ రికార్డులూ ఎలా ఉండాలో మీ లెక్చరర్లు చెప్పాల్సిందంతా చెప్పారు కాబట్టి నేను వాటి జోలికి పోను. పిల్లలకీ మీకూ మధ్య ఏర్పడే సంబంధం గురించే మాట్లాడతాను, ఎందుకంటే దానికి మీ రికార్డులో పేజీ లేదు.

టీచర్ల చదువులకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లు అయింది, బడిలో గడపాల్సిన కాలం 20 వారాలు అయింది, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మీకు అది చాలా పెద్ద కాలంలా కనిపిస్తుంది. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల వైపు నుంచి చూడండి. దగ్గర్లో బీఎడ్ కాలేజీ ఉన్న బడి అయితే ఆ పిల్ల మీలాంటి వాళ్లని ఇప్పటికే రెండు మూడు బ్యాచ్‌లు చూసి ఉంటుంది. కొత్త మిస్ వస్తుంది, రంగురంగుల చార్టులు తెస్తుంది, బాగా నవ్వుతూ మాట్లాడుతుంది, ఒకరోజు నుంచి కనిపించదు. అందుకే కొందరు పిల్లలు మొదటి వారం మీ వైపు సరిగా చూడరు. దాన్ని పొగరు అనుకోకండి. మొదటి రోజే నిజం చెప్పేయండి: ఫలానా నెల దాకా ఉంటాను, ఈ పాఠాలు నేను చెప్తాను, ఆ తర్వాత మళ్లీ మీ మిస్సే చెప్తారు. చివరి రోజు కేక్ కోసి కన్నీళ్లు పెట్టుకోవడం కంటే ఈ ఒక్క మాట పిల్లలకి ఎక్కువ మేలు చేస్తుంది. మీరు ఉన్నా లేకపోయినా ఆ పిల్ల చదువు నడిచేలా మీ చనువు ఉండాలి, నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

పేర్ల సంగతి. అబ్జర్వేషన్ రోజుల్లో వెనక బెంచీలో కూర్చుని ఊరికే నోట్సు రాసుకోకుండా ఎవరు ఎక్కడ కూర్చుంటారో బొమ్మ గీసుకుని పేర్లు నేర్చుకోండి. బెంగళూరులో ఒక్క బెంచీ మీదే కన్నడ, తమిళం, ఉర్దూ, తెలుగు, హిందీ ఇళ్ల పిల్లలు కూర్చుంటారు, మీకు నోరు తిరగని పేర్లు తప్పకుండా తగులుతాయి. ఎలా పలకాలో ఆ పిల్లనే అడగండి, రెండోసారి సరిగ్గా పిలవండి. చలాకీగా ఉండే నలుగురి పేర్లే గుర్తుపెట్టుకుని మిగతావాళ్లని ‘ఏయ్ నువ్వు’ అంటే ఆ గదిలో మీకు నలుగురే మిగులుతారు.

ఇక తెలుగు పిల్లలు. ‘మిస్, మీరు తెలుగా?’ అని రెండో రోజుకే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి బిల్డింగ్ పనులకి వచ్చిన వాళ్ల పిల్లలు, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పుస్తకంలో ఇంగ్లీషు, ఆ మూడింటి మధ్య నలుగుతున్న పిల్లలు. వాళ్లతో తెలుగులో మాట్లాడండి, మొహమాటం వద్దు, అర్థం కాని లెక్కని ఇంటి భాషలో చెప్తే అది పక్షపాతం కాదు. కానీ క్లాసులో తెలుగులో అన్న మాటని వెంటనే అందరికీ తెలిసిన భాషలో కూడా చెప్పండి. మీరూ ఆ నలుగురూ తెలుగులో నవ్వుకుంటుంటే మిగతా ముప్పై మంది తమ గురించే అనుకుంటారు. ఇంకొకటి, సైటు పని అయిపోతే ఆ కుటుంబం వేరే చోటికి వెళ్తుంది, మీకంటే ముందే ఆ పిల్ల బడి మారిపోవచ్చు. రేపు చూద్దాం అని ఆ పిల్ల సందేహాన్ని వాయిదా వేయకండి.

ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త క్లాసులు రికార్డు చేసి విని, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవవుతాయి, తెలియదనేవాళ్లు తగ్గుతారు, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పుతారు. క్లాసు ముందు నిలబడ్డప్పుడు ఆ మూడు సెకన్లూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి, టెన్షన్ వస్తుంది, అయినా ఆగండి. నీ మాట కోసం నేను కాచుకుంటాను అని పిల్లకి చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

కొంచెం గట్టిగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. మీ పాఠం చూసి మార్కులు వేసే సూపర్‌వైజర్ వచ్చే ముందు రోజు ‘రేపు నేను ఇది అడుగుతా, నువ్వు చెయ్యెత్తి ఇలా చెప్పు’ అని పిల్లలకి రిహార్సల్ చేయించడం చాలాచోట్ల జరుగుతోంది. దయచేసి చేయకండి. చదువులో వెనకబడ్డ పిల్లని ఆ రోజు వెనక బెంచీకి పంపడం ఇంకా ఘోరం. తను మీ మార్కులకి అడ్డమని ఆ పిల్లకి అర్థమైపోతుంది, ఆ తర్వాత మీరెంత ప్రేమగా పలకరించినా నమ్మదు. తడబడిన క్లాసునే సూపర్‌వైజర్‌ని చూడనివ్వండి, పోయేది రెండు మార్కులే.

కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతోపాటు మానసిక వేధింపునీ నిషేధించింది, అంటే అందరి ముందూ మొద్దు అని పిలవడం, పక్క పిల్లతో పోల్చి కించపరచడం లాంటివి కూడా. అల్లరి చేసిన పిల్లతో పీరియడ్ అయ్యాక విడిగా, వరండాలో నలుగురికీ కనబడే చోట మాట్లాడండి. తెల్లారి మాత్రం ఆ గొడవ ముఖంలో కనిపించకుండా మామూలుగా పలకరించండి, పిల్లలు చూసేది ఆ పలకరింపునే.

మీ వయసుకీ పదో తరగతి పిల్లల వయసుకీ పెద్ద తేడా లేదు, అందుకే ఇన్‌స్టా ఐడీ అడుగుతారు, వాట్సాప్ నంబరు అడుగుతారు. ఇవ్వకండి. నవ్వుతూనే, అందరికీ ఒకేలా, లేదనండి. రికార్డు కోసం ఫోటోలు కావాలంటే హెడ్‌మాస్టర్‌ని అడిగి తీయండి, స్టేటస్‌లో పెట్టకండి.

మీరు నమ్మకం సంపాదిస్తే ఏదో ఒక రోజు ఒక పిల్ల మీ దగ్గరికొచ్చి ‘మిస్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా’ అనవచ్చు. ఒట్టేయకండి. ‘నీకు సాయం కావాల్సిన సంగతైతే సాయం చేయగలిగే వాళ్లకి చెప్పాల్సి వస్తుంది, కానీ నీకు తెలియకుండా ఏమీ చేయను’ అనండి, అని వినండి, ఎదురు ప్రశ్నలతో తవ్వకండి. లైంగిక వేధింపు విషయమైతే అది తెలిసినవాళ్లు పోలీసులకి తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెప్తోంది, ట్రైనింగులో ఉన్నాం కదా అనే మినహాయింపు అందులో లేదు. బడిలో మీకు దారి చూపే మెంటర్ టీచర్‌కీ హెడ్‌మాస్టర్‌కీ అదే రోజు చెప్పండి, వాళ్లు దాటవేసినా మీరు ఆగకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోన్లలో సేవ్ చేసుకోండి, అందరూ చేసుకున్నాక ప్రశ్నలు మొదలుపెడదాం.