కొండ లోపలి కోటలు: గొట్టార్డ్ కనుమ నుంచి మిట్‌హోల్ట్స్ దాకా

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం అక్క మాట్లాడుతుంది, నేను వింటాను. కిందటి వేసవిలో స్విట్జర్లాండ్ వెళ్లి, అక్కడి సరస్సులు పక్కన పెట్టి, ఒక రోజంతా కొండ లోపల గడిపి వచ్చింది. అక్కా, ఏ కొండ అది?

అక్క: గొట్టార్డ్ కనుమ దగ్గరున్న కొండ. సముద్రమట్టానికి 2,100 మీటర్ల పైన ఉంటుంది. చలికాలంలో మంచు పడి ఆ దారి మూసేస్తారు, కాబట్టి వేసవిలోనే వెళ్లాలి. అక్కడ సాస్సో ద పిన్యా అని ఒక ఫిరంగి కోట ఉంది. కోట అనగానే మన కళ్లకు గోల్కొండ బురుజులు కదలాడతాయి కదా? అల్లంత దూరం నుంచే కనిపించి శత్రువు గుండెల్లో గుబులు పుట్టించాలి. ఇక్కడ అంతా తలకిందులు. కోట కంటపడిందంటే దాని పని చెడిపోయినట్టే. బయట నుంచి చూస్తే రాళ్లు, గడ్డి, కాస్త మంచు, అంతే.

తమ్ముడు: లోపల?

అక్క: అడుగు పెట్టగానే వేసవి బయటే ఆగిపోయింది. స్వెట్టర్ తీసుకువెళ్లాను కాబట్టి సరిపోయింది. రాతిని తొలిచిన పొడవాటి సొరంగం, పైనుంచి నీటి చెమ్మ, నడుస్తుంటే మన అడుగుల చప్పుడే మనకు వినిపిస్తుంది. ఏటవాలు పట్టాల మీద ఒక చిన్న బండి పైకి తీసుకువెళ్తుంది. అక్కడున్నాయి ఫిరంగులు. గొట్టం లోపలి వ్యాసం 15 సెంటీమీటర్లు, దక్షిణానికి, అంటే ఇటలీ వైపుకు గురిపెట్టి ఉన్నాయి. 1941లో తవ్వడం మొదలుపెట్టి, యుద్ధం ముగిసే నాటికి పూర్తి చేశారు. ఆ తరువాత ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా సైన్యం దీన్ని రహస్యంగానే ఉంచింది. 2012లో మ్యూజియంగా తెరిచారు.

తమ్ముడు: అన్ని కనుమలు ఉన్నాయి కదా, గొట్టార్డ్‌కే ఇంత పట్టింపు ఎందుకు?

అక్క: పటం ముందు పెట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. కనుమకు ఉత్తరాన ఆండర్మాట్ అని చిన్న ఊరు. అదొక కూడలి. దక్షిణానికి గొట్టార్డ్ కనుమ, పడమటికి ఫుర్కా కనుమ, తూర్పుకు ఒబెరాల్ప్ కనుమ. ఉత్తరానికి మాత్రం ఒక్కటే దారి, షొల్లెనెన్ అనే ఇరుకు లోయ. రెండు వైపులా నిలువు రాయి, కింద రాయిస్ నది హోరు. అక్కడి వంతెనను దెయ్యం వంతెన అంటారు. 1799 సెప్టెంబరులో రష్యా సేనాని సువోరోవ్ ఇటలీ నుంచి గొట్టార్డ్ దాటి వచ్చి, ఆ వంతెన దగ్గరే ఫ్రెంచి సైన్యంతో పోరాడాడు. ఆ రాతిలో చెక్కిన స్మారకం ఇప్పటికీ ఉంది. ఆండర్మాట్ ఎవరి చేతిలో ఉంటే ఆల్ప్స్ నడిమి తాళంచెవి వాళ్ల దగ్గర ఉన్నట్టే.

తమ్ముడు: అంటే కోటలు కూడా ఆ రోజుల నాటివేనా?

అక్క: కాదు. కోటల అవసరం రైలుతో వచ్చింది. 1882లో గొట్టార్డ్ రైలు సొరంగం తెరిచారు, 15 కిలోమీటర్ల పొడవు. అప్పటి దాకా ఏడాదిలో సగం రోజులు మంచే ఆ దేశానికి కాపలా కాసింది. సొరంగం రావడంతో ఆ కాపలా పోయింది. అదే ఏడాది ఇటలీ వెళ్లి జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీలతో చేయి కలిపింది. ఇక స్విస్ వాళ్లకు నిద్ర ఎలా పడుతుంది? సొరంగం దక్షిణ ద్వారం ఐరోలో అనే ఊళ్లో ఉంటుంది. దాన్ని గురిలో ఉంచుకునేలా 1880ల చివర ఒక కోట కట్టారు. తరువాత ఆండర్మాట్ చుట్టూ మరికొన్ని వచ్చాయి. పడమట రోన్ నది లోయ సన్నబడే చోట సాఁ-మోరీస్ కోటలు. తూర్పున రైన్ లోయ పక్కన సార్గన్స్ కోటలు మాత్రం చాలా ఆలస్యంగా, రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు మొదలయ్యాయి. పడమర, నడుమ, తూర్పు, ఈ మూడూ కలిస్తే ఆల్ప్స్‌కు మూడు గడియలు బిగించినట్టు.

తమ్ముడు: ఇక 1940కి రా. నువ్వు నాకు ఫోనులో చెప్పినప్పుడు నీ గొంతు మారిపోయింది.

అక్క: అవును, అక్కడికి వస్తే ఇప్పటికీ నా మనసు ఒకచోట నిలవదు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీ ముందు లొంగిపోయింది. ఆస్ట్రియా అంతకు రెండేళ్ల ముందే హిట్లర్ చేతిలోకి పోయింది. దక్షిణాన ముస్సోలినీ. నలుదిక్కులా వాళ్లే. స్విస్ సైన్యానికి అధిపతి ఆంరీ గీజాన్. ఆ దేశంలో మామూలు రోజుల్లో జనరల్ అనే పదవే ఉండదు. ముప్పు వచ్చినప్పుడు పార్లమెంటు ఒకరిని ఎన్నుకుంటుంది. ఆయన్ను 1939 ఆగస్టు 30న ఎన్నుకున్నారు. 1940 జూలై 25న ఆయన తన కింద పనిచేసే పెద్ద సైన్యాధికారులందరినీ ఓడ ఎక్కించి, లూసెర్న్ సరస్సు ఒడ్డున ఉన్న ర్యూట్లీ పచ్చికకు తీసుకువెళ్లాడు.

తమ్ముడు: సమావేశానికి పచ్చిక ఎందుకు?

అక్క: 1291లో ఆ దేశం పుట్టుకకు కారణమైన ప్రమాణం అక్కడే చేశారని వాళ్ల నమ్మకం. అంత కీలకమైన రోజున దేశ సైన్యాధికారులంతా ఒకే ఓడలో ఉన్నారు. పైనుంచి ఒక్క బాంబు పడితే ఏమయ్యేదో ఊహించు! తెలిసీ తీసుకువెళ్లాడు. ఆ పచ్చికలో వాళ్లను నిలబెట్టి చెప్పింది ఇదీ: సరిహద్దుల్లో శత్రువును ఆలస్యం చేసే దళాలు ఉంటాయి, సైన్యంలో ముఖ్యభాగం మాత్రం ఆల్ప్స్ లోపలికి తరలి అక్కడే చివరి దాకా పోరాడుతుంది. దీన్నే రెద్వీ అంటారు, జాతీయ దుర్గం.

తమ్ముడు: వినడానికి ధైర్యంగానే ఉంది.

అక్క: ధైర్యమే. కాదనను. కానీ ఒక్క క్షణం ఆలోచించు. స్విట్జర్లాండ్‌లో జనం ఎక్కడ ఉంటారు? ఆల్ప్స్‌లో కాదు. జ్యూరిక్, బాసెల్, బెర్న్, లోజాన్ అన్నీ కిందనే, మైదానంలో. కర్మాగారాలు, బడులు, ఆసుపత్రులు అన్నీ అక్కడే. సైన్యం కొండెక్కితే ఇవన్నీ బయట మిగిలిపోతాయి. స్విస్ సైన్యం అంటే జీతానికి పనిచేసే సైన్యం కాదు. బడిపంతులు, రైతు, గడియారాలు చేసేవాడు, వీళ్లే తుపాకీ పట్టుకుని వచ్చారు. జ్యూరిక్ నుంచి వచ్చినవాడు గొట్టార్డ్ కొండలో ఫిరంగి పక్కన కూర్చుంటే, అతని భార్యాబిడ్డలు మాత్రం శత్రువు మొట్టమొదట అడుగుపెట్టే చోట ఉన్నారు. కొండలో పడక గది చూశాను, వరుసగా రెండంతస్తుల మంచాలు. ఒక మంచం అంచు మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. ఆ చెమ్మలో పడుకుని, కింద ఇంట్లో ఏమవుతోందో అనుకుంటూ రాత్రులు గడిపిన వాళ్లు ఎందరో.

తమ్ముడు: మరి అంతటి త్యాగానికి అర్థం ఏమిటి? దేశాన్ని వదిలి కొండను కాపాడటం?

అక్క: కొండను కాదు, సొరంగాన్ని. కిటుకంతా అక్కడే ఉంది. జర్మనీ బొగ్గు ఇటలీకి చేరాలి. సముద్రంలో బ్రిటన్ నౌకలు అడ్డుకుంటున్నాయి. మిగిలింది ఆల్ప్స్ రైలు మార్గాలు. గొట్టార్డ్ ఒకటి, 1906లో తెరిచిన దాదాపు 20 కిలోమీటర్ల సింప్లాన్ సొరంగం ఒకటి. స్విస్ వాళ్లు వాటిని పేల్చివేయడానికి అంతా సిద్ధం చేసి పెట్టుకున్నారు. వచ్చి ఆక్రమించుకుంటే మీ చేతికి దొరికేది రాళ్లకుప్ప, రాకుండా ఉంటే రైళ్లు నడుస్తాయి. ఆ ఫిరంగులు చెప్పిన మాట అదే.

తమ్ముడు: అందుకే హిట్లర్ రాలేదంటావా?

అక్క: అదొక్కటే కారణమని నేను ఎంతమాత్రం చెప్పను. దాడికి టానెన్‌బౌమ్ అనే పేరుతో జర్మన్లు ప్రణాళికలు వేశారు, అమలు చేయలేదు. స్విట్జర్లాండ్ జర్మనీకి ఆయుధాలు అమ్మింది, దాని బంగారం కొన్నది. సరిహద్దు దాకా వచ్చిన యూదు శరణార్థులలో ఎందరినో వెనక్కి పంపింది. చాలా ఏళ్ల పాటు ఆ దేశం కోటల కథే చెప్పుకుంది. 1996లో చరిత్రకారుడు బెర్జియే నాయకత్వంలో వేసిన సంఘం 2002లో తుది నివేదిక ఇచ్చాక ఆ మిగతా కథ కూడా దేశం ముందుకు వచ్చింది. కొండలో కూర్చున్న మనిషి నిజాయితీ వేరు, కింద ప్రభుత్వం చేసిన బేరాలు వేరు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు నచ్చదు.

తమ్ముడు: ఈ దాచిపెట్టే విద్య గురించి కొంచెం చెప్పు. వినేవాళ్లకు అది బాగా నచ్చుతుంది.

అక్క: అబ్బ, అందులో వాళ్ల పనితనం చూడాలి! ఒక కొండదారి పక్కన రాయి రంగు ఎక్కడో తేడాగా అనిపించింది. దగ్గరకు వెళ్లి వేలితో తట్టాను. డొల్ల చప్పుడు! ఇనుప వల మీద పూత పూసి, నాచు మరకలతో సహా రాయిలా రంగు వేశారు. వెనక తుపాకీ కంత. కొన్నిచోట్ల పశువుల కొట్టాల్లా కట్టారు, చెక్క తలుపులు కేవలం బొమ్మ. జెనీవా సరస్సు దగ్గర గ్లాన్ అనే ఊళ్లో విల్లా రోజ్ ఉంది. అది కనుమ కాదు, మైదానమే. చూస్తే ముచ్చటైన గులాబీ రంగు ఇల్లు. కిటికీలు గోడ మీద రంగుతో గీసినవి. గోడలు మీటర్ల మందాన కాంక్రీటు. దాని పక్క నుంచి ట్యాంకులను ఆపడానికి దాదాపు 9 టన్నుల బరువున్న కాంక్రీటు దిమ్మెలు 10 కిలోమీటర్ల పొడవున వరుసగా పేర్చారు. వాటి ముక్కోణపు ఆకారం చూసి జనం టోబ్లెరోన్ చాక్లెట్ పేరు పెట్టారు. ఇప్పుడు వాటి వెంట నడక దారి ఉంది.

తమ్ముడు: యుద్ధం అయిపోయాక వీటిని వదిలేశారా?

అక్క: లేదు. సోవియట్ యూనియన్ భయంతో ఇంకా కట్టారు. వంతెనల్లో, రోడ్ల కింద పేలుడు పదార్థాలు అమర్చి ఉంచారు. జర్మనీ సరిహద్దులో సెకింగెన్ దగ్గరి రైన్ వంతెన నుంచి వాటిని తీసింది 2014లో! అన్నేళ్లూ జనం వాటి మీదుగానే తిరిగారు. 1990ల తరువాత కోటలను ఒక్కొక్కటిగా అమ్మేశారు. ఒకటి హోటల్ అయింది, మరొకటి కంప్యూటర్ సమాచారం దాచే గిడ్డంగి, ఇంకొకచోట చీజ్ మాగబెడుతున్నారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సైన్యం ఆ అమ్మకాలు ఆపింది.

తమ్ముడు: చివరికి మిట్‌హోల్ట్స్. ఇది చెప్పకుండా ఎపిసోడ్ ముగించనని ముందే అన్నావు.

అక్క: అన్నాను. బెర్న్ ప్రాంతంలో, కాండర్ లోయలో చిన్న ఊరు. ఊరి వెనక కొండను తొలిచి యుద్ధకాలంలో మందుగుండు నిల్వ చేశారు. సుమారు 7,000 టన్నులు. 1947 డిసెంబరు 19 రాత్రి, అందరూ పడుకున్నాక, అందులో సగానికి దగ్గరగా పేలిపోయింది. కొండ ముఖం విరిగి ఊరి మీద పడింది. రైల్వే స్టేషను, ఇళ్లు నేలమట్టం. 9 మంది చనిపోయారు. గమనించావా? యుద్ధం అయిపోయి రెండేళ్లు దాటింది. శత్రువు ఒక్కడూ రాలేదు.

తమ్ముడు: ఊరు మళ్లీ కట్టుకున్నారా?

అక్క: అక్కడే కట్టుకున్నారు, ఎందుకంటే మిగిలినదాని వల్ల పెద్ద ముప్పు లేదని వాళ్లకు చెప్పారు. పేలకుండా మిగిలిన వేల టన్నులు ఆ రాళ్ల కిందే ఉండిపోయాయి. కొండలో సైన్యం బస గదులు కూడా పెట్టుకుంది. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఇళ్లకు కొత్త అంతస్తులు లేచాయి. 2018లో ప్రభుత్వం వచ్చి, ముప్పు మేము అనుకున్నదానికంటే చాలా ఎక్కువని చెప్పింది. తరువాత 2020లో మొత్తం తవ్వి తీయాలని నిర్ణయించారు. పార్లమెంటు 2023లో 259 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేసింది. అంత డబ్బు పోయడం సరే. కానీ తవ్వేటప్పుడు ఊళ్లో ఎవరూ ఉండకూడదు.

తమ్ముడు: ఎన్నాళ్లు?

అక్క: 2030 ప్రాంతంలో మొదలై పదేళ్లు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. దాదాపు 170 మంది ఉండే ఊరు. సమావేశాల్లో అధికారులు ఓపికగా, మర్యాదగానే చెప్పారట. వాళ్లు ఎంత మర్యాదగా చెప్పినా ఇల్లు ఇల్లే కదా. కొట్టం, పెరడు, తాత నాటిన చెట్టు, వీటికి ఫ్రాంకుల్లో లెక్క కట్టి ఇస్తే తీసుకునేవాడికి ఎలా ఉంటుంది?

తమ్ముడు: ఆ పేలుడు చూసినవాళ్లు ఎవరైనా ఇంకా ఉన్నారా అక్కా?

అక్క: ఉన్నారు. 1947లో చిన్నపిల్లలు. అర్ధరాత్రి నిద్రలోంచి లేపి, ఉన్నపళంగా ఎత్తుకుని, మంటల వెలుగులో లోయ కిందికి పరుగెత్తించిన పిల్లలు. ఇప్పుడు ఎనభై దాటారు. వాళ్లు అదే కొండ వల్ల రెండోసారి ఇల్లు వదలాలి.