ఎల్‌ఈడీ పక్కన ఏ రెసిస్టర్ వేయాలి?

పిల్లలందరికీ, టీచర్లకూ నమస్కారం.

ఈమధ్య మన విశాఖలోనే ఒక సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ నమూనా పెట్టింది. అట్టతో కొండ, దాని మీద ఎర్ర ఎల్‌ఈడీ. 9 వోల్టుల బ్యాటరీకి వైర్లు తగిలించగానే ఒక్కసారి నారింజ రంగులో మెరిసి ఆరిపోయింది. చేతిలోకి తీసుకుని చూస్తే లోపల చిన్న నల్ల మచ్చ. ఆ అమ్మాయి మొహం చూసి నాకు చాలా బాధేసింది. రెసిస్టర్, అంటే కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగం, వేయాలని తనకు ఎవరూ చెప్పలేదు.

ఫిలమెంట్ బల్బు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి, కరెంటుకు తనే అడ్డుపడుతుంది. ఎల్‌ఈడీ తీరు వేరు. ఎర్రది సుమారు 2 వోల్టుల దగ్గర వెలుగుతుంది. ఆపైన వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఎన్నో రెట్లవుతుంది. వేడెక్కితే ఇంకా ఎక్కువ లాగుతుంది.

లెక్క చూద్దాం. 9లో 2 పోతే 7 వోల్టులు. అవి రెసిస్టర్ మీద పడాలి. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే కావలసిన నిరోధం ఓమ్‌లలో వస్తుంది. 20 మిల్లీ ఆంపియర్లంటే 0.02 ఆంపియర్లు, 7ని 0.02తో భాగిస్తే 350 ఓమ్‌లు. షాపులో మామూలుగా దొరికేవి 330, 390, 470. దగ్గరగా ఉంది కదా అని 330 తీసుకోకండి, ఎప్పుడూ పైదే తీసుకోవాలి. నేనైతే 470 వేస్తాను. కరెంటు 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, వెలుగు తగ్గినట్టు కంటికి పెద్దగా తెలియదు. నీలం, తెలుపు రంగులకు 3 వోల్టుల పైనే కావాలి, వాటికి లెక్క మళ్లీ వేసుకోండి.

ఇందాక ఒక బాబు, "ఇదే మా నాన్న ఆటోకి పెట్టొచ్చా సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆటో బ్యాటరీ 12 వోల్టులంటాం కానీ, ఇంజన్ నడుస్తుంటే 14 దాటుతుంది. 14.4 అనుకుంటే రెసిస్టర్ మీద 12.4 పడుతుంది. 470 వేస్తే కరెంటు 26 మిల్లీ ఆంపియర్లు, వేడి 0.33 వాట్లు. మీ పెట్టెలో ఉన్న రెసిస్టర్ పావు వాట్‌ది, అంటే 0.25 వాట్ల వేడినే తట్టుకుంటుంది. ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది, కొన్నాళ్లకు మాడిపోతుంది. అక్కడ 1000 ఓమ్‌లు వేయాలి. అప్పుడు 12 మిల్లీ ఆంపియర్లే, వేడి 0.15 వాట్లే.

సరే, మీ ముందున్న పెట్టెలు తెరవండి. ఎల్‌ఈడీ పొడవు కాలు ప్లస్ వైపు. రెసిస్టర్ విలువను దాని మీది రంగు పట్టీలు చెబుతాయి: 470 అంటే పసుపు, ఊదా, గోధుమ. మూడోది ఎరుపైతే అది 4700, దీపం మిణుకుమంటుంది. ఈ ట్యూబ్‌లైట్ కింద గోధుమ, ఎరుపు ఒకేలా కనిపిస్తున్నాయి. అనుమానం వస్తే ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ నా దగ్గరుంది, రండి.